నాపరాయి, గానుగ సున్నం, క్లింకర్

మా ఎర్రగుంట్ల వైపు బావి తవ్వినా పునాది తీసినా గడ్డపారకు ముందు తగిలేది నాపరాయే. పొరల సందులో మొన దూర్చి ఎగదన్నితే పలకలుగా లేస్తుంది. గోడకు, గచ్చుకు, దొడ్డి చుట్టూ పాతడానికి అన్నిటికీ అవే బండలు. జమ్మలమడుగు దగ్గరి నార్జి ఊరి పేరునే భూగర్భ శాస్త్రవేత్తలు ఈ సున్నపురాతికి పెట్టారు. బెలుం గుహలను నీళ్లు తొలిచిందీ ఈ రాతిలోనే.

సిమెంటు రాకముందు సున్నపురాయి బట్టీకి పోయేది. రాయి, బొగ్గు వరసలుగా పేర్చి కాల్చేవాళ్లు. కాలిన రాతి మీద నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేచి, తెల్లగా పొడై రాలేది. దాన్ని ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో నూరేవాళ్లు. ఆ సున్నం గాలి పీల్చుకుంటూ గట్టిపడడానికి నెలలు పట్టేది. అదైనా కలిగినవాళ్లకే; మిగతావాళ్లది చౌడు మిద్దె.

ఫ్యాక్టరీ చేసేదీ రాయి కాల్చడమే. కాకపోతే రాతితో పాటు బంకమట్టి, కొంచెం ఇనుపరాయి కలిపి పిండి చేసి, తిరిగే కిల్న్‌లో 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. సున్నం మట్టిలోని సిలికాతో కలిసి గోలీల్లాంటి నల్లటి క్లింకర్‌గా దిగుతుంది. చల్లార్చి, 3 నుంచి 5 శాతం జిప్సం వేసి మెత్తగా నూరితే సిమెంటు. జిప్సం వేయకపోతే మేస్త్రీ తాపీ అందుకునేలోపే మాలు బిగుసుకుపోతుంది. కలమల్ల దగ్గరి థర్మల్ కేంద్రం బూడిద కూడా సిమెంటులోకే పోతుంది. బూడిద సిమెంటంటే మా మేస్త్రీలకు ఇప్పటికీ అనుమానమే గానీ, 35 శాతం దాకా కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. మొదట్లో బలం నిదానంగా వస్తుంది, అంతే.

కర్నూలు వైపు పాణ్యం సిమెంట్స్ కంపెనీ 1955లో పుట్టింది. బేతంచెర్ల దగ్గర బుగ్గానిపల్లెలో దాని చుట్టూ సిమెంట్ నగర్ అనే ఊరే వెలిసింది. మా పక్కన చిలంకూరు ఫ్యాక్టరీని కోరమాండల్ ఫెర్టిలైజర్స్ నుంచి 1990లో ఇండియా సిమెంట్స్ కొన్నది. ఎర్రగుంట్లలోని కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీని కూడా 1998లో అదే కొన్నది. 2024 డిసెంబరులో ఆ ఇండియా సిమెంట్సే అల్ట్రాటెక్ చేతికి పోయింది. ఎర్రగుంట్లలోనే టెక్స్‌మాకో పెట్టిన ఫ్యాక్టరీ జువారీ అయి, ఇటలీవాళ్ల నుంచి జర్మనీవాళ్లకు చేరింది. నల్లలింగాయపల్లె భారతి సిమెంట్స్‌లో 2010లో ఫ్రాన్స్ కంపెనీ వికా 51 శాతం వాటా తీసుకుంది. బోర్డుల మీద పేర్లు గుర్తుపెట్టుకోవడం మాకే కష్టం.

రాతి లెక్క మాత్రం సులువు. 2014లో సవరించిన రేటు ప్రకారం టన్ను సున్నపురాయికి రాయల్టీ 80 రూపాయలు. బూడిద కలపని 50 కిలోల బస్తాకు సుమారు 70 కిలోల రాయి పడుతుంది. అంటే బస్తాకు రాయల్టీ దాదాపు ఐదున్నర రూపాయలు. 2015 చట్ట సవరణ తర్వాత పాత లీజులవాళ్లు ఆ రాయల్టీ మీద 30 శాతం, వేలంలో గనులు పొందినవాళ్లు 10 శాతం అదనంగా జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. గనుల పక్క ఊళ్లలో తాగునీటికి, వైద్యానికి, చదువుకు పెట్టాల్సిన డబ్బది. మీ ఊరూ గని పక్కనే ఉంటే, ఈసారి గ్రామసభలో ఆ లెక్క అడగండి.