గట్టితనం కాదు, పట్టు

విరిగిన ఎముకను అతికించేది నిజానికి వైద్యుడు కాదు, ఎముకే. పుత్తూరు కట్టు కట్టినా, ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేసినా ముక్కలు కదలకుండా పట్టి ఉంచడం వరకే మనవంతు. చిక్కల్లా ముక్కే లేకుండా పోయినప్పుడు. ప్రమాదంలో నుజ్జయిపోయినా, క్యాన్సర్ గడ్డతోపాటు కోసి తీసేసినా, ఆ ఖాళీ ఒక హద్దు దాటిందంటే ఎముక దాన్ని సొంతంగా పూడ్చుకోలేదు. తుంటి ఎముక నుంచి కొంత తీసి అక్కడ పెట్టడం పాత ఉపాయం. దానికి ఒంట్లో ఇంకోచోట కోత పడాలి, దొరికేదీ కాస్తే.

1965లో అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ ఒక వింత చూపించాడు. ఖనిజం తీసేసిన ఎముకను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. దానికి కారణమైన ప్రొటీన్లకే బీఎంపీ అని పేరు. అందులో బీఎంపీ-2ను వెన్నెముక శస్త్రచికిత్సల్లో వాడటానికి 2002లో అమెరికాలో అనుమతి దొరికింది. అయితే ఖరీదెక్కువ, పైగా అక్కర్లేని చోట కూడా ఎముక పెరిగే ప్రమాదం ఉంది.

గ్రాఫీన్‌కు ఈ గొడవతో మొదట ఏ సంబంధమూ లేదు. ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవొసెలోవ్ అప్పట్లో మాంచెస్టర్‌లో భౌతికశాస్త్రవేత్తలు. గ్రాఫైట్‌ను, అంటే పెన్సిల్ ముల్లులో ఉండే పదార్థాన్నే, అంటుకునే టేపుతో పొరలు పొరలుగా ఒలుస్తూ పోయి, చివరికి ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న కర్బన పొరను విడదీశారు. అదే గ్రాఫీన్. 2004లో ఆ సంగతి ప్రకటించారు, 2010లో నోబెల్ అందుకున్నారు. నడుమ 2008లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆ పొర బలాన్ని కొలిచి, అప్పటిదాకా కొలిచిన వాటన్నిటిలోకీ ఇదే దృఢమైనదన్నారు. ఇక పత్రికలకు పండగే. ఎక్కడ చూసినా ఉక్కుతో పోలికే.

ఎముకలవాళ్లకూ సహజంగానే ఆ బలం మీదే కన్ను పడింది. ఎముకలోని ఖనిజానికి దగ్గరైన హైడ్రాక్సీఅపటైట్‌ను కృత్రిమంగా చెయ్యగలం కానీ, అది పెళుసు. గ్రాఫీన్ కలిపితే విరగదని ఆశ.

అసలు మలుపు 2011లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో వచ్చింది. గాజు, ప్లాస్టిక్, సిలికాన్ రబ్బరు వంటి వాటి మీద గ్రాఫీన్ పొర పరిచి, దానిపై మనిషి మజ్జలోని మూలకణాలను పెంచారు. ఎముకగా మారడానికి తోడ్పడే ద్రవం పోశారు తప్ప బీఎంపీ కలపలేదు. అయినా ఆ కణాలు, బీఎంపీ-2 వేసినప్పటితో పోల్చదగిన వేగంతో ఎముక కణాలుగా మారాయి. కింద మెత్తటి రబ్బరే ఉన్నా అదే వరస. పరమాణువు మందం పొర ఎంత దృఢమైనదైతే మాత్రం, ఈ సంగతిని గట్టితనం ఒక్కదానితో వివరించడం నాకైతే అతకదు.

అదే ఏడాది, అదే విశ్వవిద్యాలయంలో కియాన్ పింగ్ లోహ్ బృందం ఇంకో జవాబు చెప్పింది. ద్రవంలో ఉన్న డెక్సామెథసోన్ లాంటి ప్రేరకాలను గ్రాఫీన్ తన ఒంటికి అంటించుకుంటుంది. దాంతో కణాల పాదాల దగ్గరే మందు పోగుపడుతుంది. మూలకణం కొవ్వు కణంగా మారాలంటే కావలసిన ఇన్సులిన్ కూడా గ్రాఫీన్‌కు అంటుకుంటుంది. కానీ ఆ పట్టులో ఇన్సులిన్ ఆకృతి చెడిపోతుంది, కొవ్వు దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ చేరిన గ్రాఫీన్, అంటే గ్రాఫీన్ ఆక్సైడ్ మీద ఇన్సులిన్ చెడలేదు, కొవ్వు కణాలూ ఏర్పడ్డాయి. లోకమంతా మెచ్చుకున్న బలం కాదు, ఎవరూ పెద్దగా లెక్కచెయ్యని ఈ అంటుకునే గుణమే ఇక్కడ పని చేసిందన్నమాట.

అయితే ఒంటిపొరతో గుంట పూడదు కదా. ఏదో ఒకదానిలో కలపాలి. కలపడానికి గ్రాఫీన్ ఆక్సైడ్ అనువైనది, ఎందుకంటే దాని మీదున్న ఆక్సిజన్ గుంపుల వల్ల నీళ్లలో చెదురుతుంది, కాల్షియాన్నీ పట్టుకుంటుంది. దాని మాతృక గ్రాఫైట్ ఆక్సైడ్‌ను ఆక్స్‌ఫర్డ్‌లో బెంజమిన్ బ్రోడీ 1859లోనే తయారుచేశాడు. దేనికి పనికొస్తుందో తేలడానికి నూటయాభై ఏళ్లు పట్టింది! బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కౌశిక్ చటర్జీ బృందం, శరీరంలో నెమ్మదిగా కరిగే పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌లో రసాయనికంగా మార్చిన గ్రాఫీన్‌ను కలిపింది. ఆ మిశ్రమం మూలకణాలను ఎముక వైపు నడిపింది, దాని మీద బ్యాక్టీరియా పేరుకోవడాన్నీ తగ్గించింది. ఆ వివరాలు 2015లో వచ్చాయి. ఇన్‌ఫెక్షన్ పట్టి ఇంప్లాంట్ మళ్లీ తీయించుకున్నవాళ్లకు ఈ రెండో మాట విలువ బాగా తెలుస్తుంది.

పాలిమర్ కరిగిపోయాక గ్రాఫీన్ ఎక్కడికి పోతుందన్నదే పెద్ద ప్రశ్న. మోతాదు పెరిగితే కణాలకు హాని జరుగుతుందని కూడా పరీక్షల్లో తేలింది. తెల్ల రక్తకణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము గ్రాఫీన్ ఆక్సైడ్‌ను విరగ్గొట్టగలదని 2015లో చూపించారు. ఒక షరతు ఉంది: రేకులు విడివిడిగా చెదిరి ఉండాలి. ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టిన వాటిని ఆ ఎంజైము ఏమీ చెయ్యలేకపోయింది.