హురుమంజి గుఱ్ఱములు

శ్రీనాథ మహాకవి చేత హరవిలాసమును అంకితమందిన అవచి తిప్పయ సెట్టి రాజు కాడు, దండనాయకుడును కాడు, వర్తకుడు. కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటేట జరిపించిన వసంతోత్సవములకు కర్పూరాది సుగంధ ద్రవ్యములను సమకూర్చినవాడు. ఆతడు ఏయే దేశములనుండి ఏయే సరకులను తెప్పించెనో వర్ణించుచు కవి, సింహళపు ఏనుగులతో పాటు హురుమంజి గుఱ్ఱములను గూడ పేర్కొనెను. హురుమంజి యనగా పారసీక సింధుశాఖ ముఖమున నున్న హోర్ముజ్ రేవు. అది ఉప్పుకొండలతో నిండిన దీవి. అచ్చట త్రాగుటకు మంచినీరు లేదు, గుఱ్ఱము మేయుటకు పచ్చిక లేదు. కావున హురుమంజి గుఱ్ఱములలో హురుమంజిలో పుట్టినవి లేవనియే చెప్పవలెను. అరేబియా ఎడారినుండియు, బహ్రయిన్, ఖతీఫ్ తీరములనుండియు, పారసీకమునుండియు వర్తకులు తోలుకొని వచ్చిన జాతిగుఱ్ఱములు ఆ రేవున ఓడ యెక్కుచుండెను. రేవు పేరే వానికి ఇంటిపేరయినది.

తెలుగు కావ్యములలో గుఱ్ఱమునకు పర్యాయపదముగా కనబడు ‘తేజి’ యను మాటకును ఇదియే కథ. పారసీక భాషలో ‘తాజీ’ యనగా అరబ్బు దేశమునకు సంబంధించినది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున ఈ పదము అశ్వజాతి నామముగా కనబడుచున్నది. ఆ కాలముననే గుజరాతునందు హేమచంద్రుడు తన నిఘంటువున గుఱ్ఱపు వన్నెలకు వ్రాసిన పేర్లలో అనేకములు సంస్కృత శబ్దములు కావు. గుఱ్ఱములతోపాటు ఓడ దిగిన పరదేశపు మాటలు. సరకు వచ్చిన చోటికి దాని పేరును వచ్చుట వింత గాదు. కాని సరకుతో పాటు దానిని కాపాడుకొను విద్యయు వచ్చెనా యను ప్రశ్నయే ఈ కథలో ముఖ్యమైనది.

దక్షిణాపథమున గుఱ్ఱములు లేకపోలేదు. ఉన్నవి పొట్టివి, బలహీనములు. బరువులు మోయుటకును, దగ్గరి ప్రయాణములకును చాలినవి. కవచము ధరించి ఈటె పట్టిన రౌతును మోసికొని శత్రుసేనలోనికి దూకగల గుఱ్ఱము ఇచ్చట పుట్టలేదు. అరబ్బీ గుఱ్ఱమైనను మిక్కిలి ఎత్తైనది కాదు. పొట్టి వెన్ను, నడుమ కొంచెము లోనికి వంగిన ముఖము, విశాలమైన నాసారంధ్రములు, పరుగెత్తునపుడు పైకెత్తి పట్టిన తోక—ఇవి దాని గుర్తులు. అలుపెరుగక దూరము పోవుటయే దాని గొప్పతనము. ఎడారిలోని బెదూయిను తెగలవారు ఆడుగుఱ్ఱమును ప్రాణసమానముగా చూచుకొనిరి. చలిరాత్రులందు దానిని తమ గుడారములోనే కట్టుకొనిరి. మేత దొరకనపుడు ఒంటెపాలు, ఖర్జూరములు పెట్టి బ్రతికించుకొనిరి. అట్టి ఆడుగుఱ్ఱమును వారు సులభముగా అమ్మలేదు. అమ్మినది చాలవరకు మగగుఱ్ఱములనే. కొన్నవారి దేశమున ఆ జాతి వృద్ధి పొందకపోవుటకు ఇదియు నొక కారణము.

ఓడప్రయాణము గుఱ్ఱమునకు మొదటి గండము. 13వ శతాబ్దిలో హోర్ముజ్ ఓడలను చూచిన మార్కో పోలో, అవి ఇనుపమేకులు లేక కొబ్బరినార త్రాళ్ళతో కుట్టబడిన బలహీనపు ఓడలనియు, సరకునంతయు తోళ్ళతో కప్పి, ఆ తోళ్ళపై గుఱ్ఱములను నిలిపి భారతదేశమునకు తీసికొనిపోవుదురనియు వ్రాసెను. అరేబియా దక్షిణ తీరమున నున్న ధోఫార్ రేవునుండి మంచి గుఱ్ఱములు ఎగుమతి యగుటను, అనుకూలమైన గాలి ఉన్నచో ఒక నెలలో ఓడ ఈ తీరమును చేరుటను ఇబ్న్ బతూతా 14వ శతాబ్దిలో పేర్కొనెను. ఒక నెల! కాలు మడచి పండుకొనుటకు చోటులేక, ఊగు నేలపై, కొలిచి పోసిన నీటితో ఒక నెల నిలువవలసిన మూగజీవి అవస్థ ఊహింపదగినది. దారిలో చచ్చినవి సముద్రమున పడవేయబడెను.

రెండవ గండము ఒడ్డున కాచుకొని యుండెను. పాండ్యుల యేలుబడిలోని మాబరు సీమలో, అనగా తమిళ తీరమున, రాజును ఆతని సోదరులును ఒక్కొక్కరు ఏటికి రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనుచుండిరనియు, సంవత్సరాంతమునకు నూరైనను మిగులుట లేదనియు మార్కో పోలో వ్రాసెను. గుఱ్ఱములకు అన్నము, మాంసము కలిపి వండి పెట్టుదురనియు, లాడములు కొట్టి చికిత్స చేయువారు ఆ దేశమున లేరనియు ఆతడు చెప్పెను. అంతకంటె ఘోరమైన మాట మరియొకటి యున్నది: గుఱ్ఱములను తెచ్చు వర్తకులు అట్టి నేర్పరులను తమ ఓడలలో రానీయరట! చచ్చిన కొలది క్రొత్తవి అమ్ముడుపోవునుగదా. పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ లెక్కలో మాబరు, ఖంబాయతు మొదలగు రేవులకు ఏటికి పదివేల గుఱ్ఱములు పోవుచుండెను. ఒక్కొక్కదాని వెల 220 బంగారు దీనారములు. దారిలో చచ్చినదానికిని వెల చెల్లింపవలెను. ఇచ్చటివారు పచ్చి యవలకు బదులు వేయించిన యవలను, నేతితో కలిపిన ధాన్యమును, కాచిన ఆవుపాలను గుఱ్ఱములకు పెట్టుదురనియు, నలువది దినములు మేకులకు కట్టి బలియబెట్టి, తరిఫీదు లేకుండగనే ఎక్కి తోలుదురనియు, అందుచే మేలుజాతి గుఱ్ఱములు కొలదికాలముననే మందమతులై చెడిపోవుననియు ఆతడు పరిహసించెను.

ఈ సాక్ష్యములను విన్నవి విన్నట్లు నమ్మరాదు. ఇరువురును పరదేశీయులు, ఒకడు వర్తక కుటుంబములో పుట్టినవాడు, మరియొకడు వర్తకుల లెక్కలు విని వ్రాసినవాడు. వండిన దాణా దానంతట అదియే విషము కాదు. ఉడికించిన ఉలవలు పెట్టి గుఱ్ఱములను పోషించుట దక్షిణదేశమున శతాబ్దములుగా సాగిన పద్ధతి. మద్రాసు రాజధానిలోని ఆంగ్లేయుల అశ్వదళములును తరువాతి కాలమున ఈ పద్ధతినే అనుసరించెను. అయినను వారి మాటలలో కొంత నిజము లేకపోలేదు. గుఱ్ఱపు కడుపు చిన్నది. అది దినమంతయు కొంచెము కొంచెముగా గడ్డి మేయుటకు ఏర్పడిన జంతువు. గడ్డి తగ్గించి, అన్నము, నేయి ఒక్కమారుగా పెట్టినచో కడుపునొప్పి పుట్టును. డెక్కల లోపల వాపు చేరి, నిలుచుటకైన వీలులేని స్థితి కలుగును. ప్రేమతో పెట్టినదే ప్రాణము తీసిన సందర్భములు తప్పక ఉండియుండును. ఇక అన్నమునకును, నేతికిని సంబంధింపని శత్రువు మరియొకడు ఉండెను. 1880లో గ్రిఫిత్ ఇవాన్సు అను వేల్సు దేశపు పశువైద్యుడు ‘సుర్రా’ యను జ్వరముతో చచ్చుచున్న గుఱ్ఱముల, ఒంటెల రక్తమున సూక్ష్మజీవిని కనిపెట్టెను. అది జోరీగల కాటుచే ఒక పశువునుండి మరియొక పశువునకు ప్రాకును. వానలు కురిసి ఈగలు ముసరు కాలమున ఆ జ్వరము హెచ్చు. పొడిగాలికి అలవాటుపడిన ఎడారి గుఱ్ఱమును తేమగాలులు వీచు తీరమున కట్టివేసినపుడు, ఎంతటి సాహిణియైనను ఏమి చేయగలడు?

సాహిణి యనగా అశ్వశాలకును గజశాలకును అధికారి, వానిని శిక్షించు నేర్పరి. కాకతీయుల కాలమున ఇది గొప్ప పదవి. గంగయ సాహిణి మొదలగువారి పేర్ల చివర ఇది శాసనములలో నిలిచియున్నది. కనుక ఈ దేశమున అశ్వవిద్య లేదనుట తప్పు. శాలిహోత్రుని పేరిటను, నకులుని పేరిటను సంస్కృతమున శాస్త్రములు ఉండెను. మనుమంచి భట్టు అశ్వశాస్త్రమును తెలుగు పద్యములలో రచించెను. అయితే ఈ శాస్త్రములలో గుఱ్ఱపు నుదుటనో రొమ్మునో ఉన్న సుడి యజమానికి మేలు చేయునా, కీడు చేయునా యను విచారమునకు దొరికిన చోటు, మేత కొలతకును, డెక్క సంరక్షణకును దొరకిన చోటుకంటె తక్కువది కాదు. ఈ సుడుల పట్టింపు పల్లెలలో ఎద్దులను కొనునపుడు నేటికిని కొందరికి కలదు.

ఒక్క గుఱ్ఱము విలువ ఏపాటిదో తెలియుటకు అఫనాసీ నికితిన్ అను రష్యా వర్తకుని కథ చాలును. ఆతడు 1470 ప్రాంతమున బహమనీ రాజ్యమునకు ఒక మగగుఱ్ఱమును తెచ్చెను. దానికి నూరు రూబుళ్ళు వ్యయమైనవి. అదియే ఆతని మూలధనము. జున్నరులో అధికారి ఆ గుఱ్ఱమును లాగికొని, మతము మార్చుకొన్నచో గుఱ్ఱమును, వేయి బంగారు నాణెములను ఇత్తునని గడువు పెట్టెను. ఖొరాసాను వాడొకడు అడ్డుపడి నికితిన్‌ను, గుఱ్ఱమును విడిపించెను. ఇక్కడ గుఱ్ఱములు పుట్టవనియు, వానికి బఠాణీలు, చక్కెరయు నూనెయు కలిపిన కిచిడీ పెట్టుదురనియు ఆతడును వ్రాసెను. ఒక సంవత్సరము మేపి, చివరకు బీదరులో ఆతడు ఆ గుఱ్ఱమును అమ్ముకొనెను.

విజయనగర చరిత్రమున ఈ వ్యాపారము రాజ్యరక్షణకే ఆధారమైనది. సాళువ నరసింహరాయలు హోర్ముజ్, ఏడెన్ రేవులనుండి గుఱ్ఱములను రప్పించి, వేయి వరహాలకు మూడు చొప్పున, బ్రతికినవైనను చచ్చినవైనను కొనెననియు, సముద్రమున చచ్చినవాని తోకను మాత్రము తెచ్చి చూపినను వెల చెల్లించెననియు నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసెను. ఇది వెఱ్ఱి ఔదార్యముగా కనబడవచ్చును. కాని అందులో లెక్క యున్నది. నష్టభయము రాజు మీద పడినపుడు వర్తకుడు శత్రువు రేవునకు పోడు. ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణమున కృష్ణదేవరాయలు చెప్పినదియు ఇదియే: దూరద్వీపములనుండి ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు వర్తకులకు ఊళ్ళను, ఇండ్లను, లాభమును, మన్ననను ఇచ్చి తనవారిగా చేసికొనవలెను, ఆ సరకు పగవారికి చేరరాదు.

1535 ప్రాంతమున అచ్యుతదేవరాయల రాజధానిలో నుండిన నూనిజ్ స్వయముగా గుఱ్ఱముల బేరగాడు. కావున ఆతని లెక్కలు విలువగలవి. హోర్ముజ్ గుఱ్ఱములు, నాటు గుఱ్ఱములు కలిపి రాజు ఏటికి పదుమూడువేలు కొనుచుండెను. మేలైనవానిని తన లాయమునకు ఉంచుకొని, నాటువానిని వేయి వరహాలకు అయిదు చొప్పున నాయకులకు అంటగట్టుచుండెను. అవే నాటు గుఱ్ఱములు ఆతనికి దొరకినది వేయికి పండ్రెండో, పదునైదో చొప్పున! ఆ లాభముతోనే పోర్చుగీసువారికి అరబ్బీ గుఱ్ఱముల సొమ్ము తీరుచుండెను; బొక్కసమునుండి ఒక్క వరహా కదలలేదు. కదలినది నాయకుల సొమ్ము. ఆ నాయకులు దానిని ఎవరినుండి రాబట్టిరో నూనిజ్ ఆ లెక్కలో చేర్పలేదు. పన్ను కట్టిన రైతు పేరు గుఱ్ఱపు లెక్కలలోనికి ఎన్నడును ఎక్కలేదు.

రాజు స్వంత లాయమున ఏడువందలకు పైగా గుఱ్ఱములు, నాలుగువందల ఏనుగులు ఉండెను. వానికిని, వాని సేవకులకును దినమునకు రెండువేల వరహాలు వ్యయమగుచుండెను. అనగా దినమునకు ఆరు అరబ్బీ గుఱ్ఱముల వెల. జీతముపై నున్న ఆరువేల రౌతులకు గుఱ్ఱములను, మేతను రాజే ఇచ్చును. వారి సేవలో 1600 మంది గుఱ్ఱపువాండ్రు, 300 మంది శిక్షకులు ఉండిరి. ప్రతి గుఱ్ఱమునకును రాజముద్ర వేయుదురు. అది చచ్చినచో రౌతు ముద్రపడిన చర్మపుముక్కను కోసి అశ్వాధికారికి చూపి మరియొక గుఱ్ఱమును పొందవలెను. ఓడలో చచ్చినదానికి తోక, లాయములో చచ్చినదానికి తోలు: మరణమును లెక్కగట్టుటకు ఏర్పాటు ఇంత పకడ్బందీగా నున్నది! మరణమును తగ్గించుటకు శిక్షకులును సేవకులును ఉండినను, ఏటేట పదుమూడువేలు కొనవలసివచ్చినదనగా వారి శ్రమ ఎంతవరకు ఫలించెనో తెలియుచున్నది.

ఈ గుఱ్ఱములకొరకు రక్తము చిందినది. 1510లో ఆల్బుకెర్కు గోవాను పట్టుకొని, తీరమునకు వచ్చు గుఱ్ఱములన్నియు ఆ రేవుననే దిగునట్లు చేసెను. విజయనగరమునకును, బిజాపురమునకును ఆశ చూపుచు ఇరువురితోడను బేరము సాగించెను. తరువాత కృష్ణదేవరాయలు గోవాలో గుఱ్ఱములు కొనుటకై సీదీ మర్కారు అనువానికి నలువదివేల వరహాలిచ్చి పంపగా, వాడు ఆ ధనముతో ఆదిల్‌షాహి యేలుబడిలోని పోండాకు పారిపోయెను. ఆతనిని, ధనమును అప్పగింపుమని రాయలు కోరగా ఆదిల్‌షా అప్పగింపలేదు. 1520లో జరిగిన రాయచూరు యుద్ధమునకు ఇదియే నెపమయ్యెనని నూనిజ్ వ్రాసెను. అసలు కారణము కృష్ణా తుంగభద్రల నడుమనున్న అంతర్వేది. దానికై తరతరములుగా పోరాటము సాగుచునేయుండెను. గుఱ్ఱపు సొమ్ము నిప్పంటించెను. 1547లో గోవా గవర్నరు జోవావ్ డి కాస్ట్రోకును, సదాశివరాయల ప్రభుత్వమునకును జరిగిన ఒడంబడికలో గోవాకు వచ్చు గుఱ్ఱములు విజయనగరమునకే చేరవలెనను షరతు ముఖ్యమైనది.

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధమున రామరాయలు కూలెను. విజయనగరము పాడువడిన తరువాత గోవాలో గుఱ్ఱములపై వచ్చు సుంకము క్షీణించెను. కొనువాడు పోయినపుడు అమ్మువానికిని దిక్కు లేకపోయెను. దక్కనులో మాత్రము భీమానదీ తీరమున, నాటురక్తమును పరదేశపు రక్తమును కలసిన ‘భీమ్‌తడీ’ యను చిన్నజాతి వృద్ధి చెందెను. చూపునకు ఆనదు, కాని ఈ నేల గడ్డితో బ్రతికెను, ఈ ఎండకు ఓర్చెను. 17వ శతాబ్దిలో మరాఠా రౌతులు అట్టి గుఱ్ఱములపైననే తిరిగి మొగలు సేనలను ముప్పుతిప్పలు పెట్టిరి.

హంపీలో ఏనుగుల శాల నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. ఏడువందల గుఱ్ఱముల లాయము ఎచ్చట నుండెనో చూపు కట్టడము అట్లు నిలువలేదు. హజారరామాలయపు వెలుపలి ప్రాకారముపై మాత్రము గుఱ్ఱములు వరుసలుగా నడచుచున్నవి; వాని ప్రక్కన కళ్ళెము పట్టినవారు కాలినడకను పోవుచున్నారు.