నవ్వును వ్రాయుట ఎట్లు?

రేడియోలో నాటకము వినునపుడు నటుల ముఖములు మనకు కానరావు. అయినను ఎవరు కోపించిరో, ఎవరు వేళాకోళమాడుచున్నారో తెలిసికొనుట మనకు కష్టము కాదు. ముఖము చేయవలసిన పనిని కంఠస్వరమే చేయుచున్నది. వ్రాతకు ఆ భాగ్యము లేదు. ఉత్తరము వ్రాయువాడు తీరికగా కూర్చుండి, "నవ్వులాటకు అంటిని సుమా!" అని ఒక వాక్యము చేర్చగలడు. రెండు మాటలు పంపి వెంటనే బదులునకై ఎదురుచూచు కంప్యూటరు సంభాషణలో ఆ తీరికయు లేదు. ఈ కొరతను తీర్చుటకు జరిగిన యత్నముల చరిత్ర చిన్నదే గాని, అందు ఒక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది: మన భావములను తెలుపు గురుతులు ఎవరి సొత్తు?

ఈ యత్నము కంప్యూటరుతో పుట్టినది కాదు. 19వ శతాబ్దిలోనే అమెరికా తంతి ఉద్యోగులు మాటలకు బదులుగా అంకెలను వాడిరి. "73" అనగా శుభాకాంక్షలు. అమెచ్యూర్ రేడియో వారు నేటికిని ఆ అంకెతోనే సెలవు తీసికొందురు. మన దేశమున 2013 జూలైలో తంతి సేవ నిలిచిపోయినది. అంతకు మున్ను పెండ్లికిని పండుగకును శుభాకాంక్షలు పంపువారు తంతి కార్యాలయపు పట్టికలో వాక్యమునకు ఎదుటనున్న అంకెను తెలిపిన చాలెడిది. అంకె ప్రయాణము చేసెడిది. ఆవలి చివర అది వాక్యమై ఇంటికి చేరెడిది. రెండు చివరలను ఒకే పట్టిక యుండుటయే ఈ ఏర్పాటునకు ప్రాణము.

1973లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున, ప్లేటో అను బోధనా కంప్యూటరు వ్యవస్థపై, డగ్ బ్రౌన్, డేవిడ్ వూలీ అనువారు టాకోమాటిక్ అను సంభాషణ సాధనమును నిర్మించిరి. అందు అక్షరము కొట్టగానే ఎదుటివారి తెరపై కానవచ్చెడిది. తడబాటు, దిద్దుబాటు, ఆగి ఆలోచించుట, అన్నియు తెలియుచుండెడివి. ప్లేటోను వాడువారు అక్షరముపై అక్షరము కొట్టి చిన్న ముఖములను కూడ తీర్చిరి. తరువాత వచ్చిన పెక్కు సాధనములు వాక్యము పూర్తియైన పిదపనే పంపసాగినవి. సౌకర్యము పెరిగినది, తడబాటులోని జీవము తగ్గినది.

అందరెరిగిన ఘట్టము 1982 సెప్టెంబరు 19 నాటిది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రకటన పలకపై, తెగి పడుచున్న లిఫ్టులో పాదరసపు బొట్టు ఏమగునని చర్చ జరిగెను. ఒకరు పరిహాసముగా, పాదరసము వలన ఒక లిఫ్టు కలుషితమైనదని వ్రాసిరి. కొందరు నిజమే యనుకొనిరి. అప్పుడు స్కాట్ ఫాల్మన్ ఒక ఉపాయము చెప్పెను. రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణపు ముగింపు :-) హాస్యమునకు గురుతుగా వాడుడనెను. తలను ఎడమకు వంచి చూచిన అది నవ్వు ముఖము. దీనికి పట్టిక అక్కరలేదు. ఎవరి అనుమతియు అక్కరలేదు. ఏ కంప్యూటరు మీటలపైనైనను ఆ గురుతులుండును.

1996లో ఐసీక్యూ, 1997లో ఎయిమ్ వెలసినవి. ఒక సంస్థ సాధనమున నున్నవారు వేరొక సంస్థ వారితో మాటాడుటకు సాధారణముగా వీలు లేకుండెను. ఒక ఊరి తపాలా మరియొక ఊరికి చేరనట్లే! ఈ గోడలను తొలగింపగోరి జెరెమీ మిల్లర్ 1999 జనవరిలో జాబర్ అను బహిరంగ ప్రణాళికను ప్రకటించెను. ఎవరి సర్వరును వారు నడుపుకొనవచ్చును. సర్వర్లు తమలో తాము సందేశములను మార్చుకొనును. 2004లో దీని నియమావళి ఎక్స్‌ఎంపీపీ అను పేర అంతర్జాతీయ ప్రమాణ పత్రములుగా వెలువడినది.

భావములను తెలుపుటకు జాబర్ వారు చేసిన ఏర్పాట్లు గమనింపదగినవి. ఎదుటివాడు వ్రాయుచున్నాడా, ఆగెనా, సంభాషణను వీడెనా అని తెలుపు సంకేతములు ఒక అనుబంధమున గలవు. టాకోమాటిక్‌లో కనిపించిన తడబాటునకు ఇది ఛాయవంటిది. మరియొక అనుబంధమున మనోభావముల పట్టిక యున్నది. భయము, కోపము, అసూయ, కృతజ్ఞత, ఒంటరితనము మొదలుగా ఎనుబదికి పైగా పేర్లు! నాట్యశాస్త్రము స్థాయి, సంచారి, సాత్త్వికములను కూడి 49 భావములను చెప్పినది. ఆకలి, దప్పిక కూడ ఈ క్రొత్త పట్టికలో చేరుటచే సంఖ్య పెరిగినది. అయితే పట్టికలో ఒదుగని మనసు కొరకు, పేరుతోపాటు స్వంత వాక్యమును చేర్చుకొను వీలును కూర్చిరి. ఒక అనుబంధమును ఎరుగని సాధనము దానిని విడిచి, మామూలు మాటలను మాత్రము చూపును. అలంకారము పోయినను ఉత్తరము చేరును.

ఇందు మరియొక మర్యాద కూడ కలదు. మనము వ్రాసి చెరిపివేసితిమని ఎదుటివారికి తెలియుట అన్నివేళల మనకు ఇష్టము కాకపోవచ్చును. అందుచే ఈ సంకేతమును పంపుట ఐచ్ఛికమే. భావమును తెలుపు స్వేచ్ఛ యెంత ముఖ్యమో, దాచుకొను స్వేచ్ఛయు అంత ముఖ్యమే.

ఇంతలో జపానులో 1999లో ఎన్‌టీటీ డొకోమో సంస్థకై షిగెటకా కురిటా 176 చిన్న బొమ్మలను రూపొందించెను. ఒక్కొక్కటి అడ్డమునకు 12, నిలువునకు 12 చుక్కల గడి. 2010లో యూనికోడ్ 6.0 వందలకొలది ఎమోజీలకు ఉమ్మడి సంఖ్యలను కేటాయించినది. తంతి పట్టికయే మరల వచ్చినదన్నమాట. కాని సంఖ్య ఉమ్మడిదైనను బొమ్మను గీయునది ఎవరికి వారే. 2016లో ఆపిల్ సంస్థ తుపాకి బొమ్మను నీటి తుపాకిగా మార్చినది. గూగుల్, శామ్‌సంగ్ వంటివి 2018లో గాని మార్చలేదు. ఆ నడుమ ఒకడు ఆటకు పంపినది వేరొకని తెరపై నిజమైన ఆయుధమై కనిపింపగలిగెను. బహిరంగ ప్రమాణము కూడ అపార్థమును పూర్తిగా తొలగింపజాలదు.

బహిరంగ మార్గమునకు వేరొక దెబ్బయు తగిలినది. 2005లో గూగుల్ టాక్ ఎక్స్‌ఎంపీపీపై వెలసి, 2006లో ఇతర సర్వర్లకు తలుపు తెరచినది. 2013లో ఆ సంస్థ హ్యాంగౌట్స్ అను వేరు సాధనమునకు మరలినది. అందు పరుల సర్వర్లకు ప్రవేశము లేకపోయెను. పెద్ద యిల్లు తలుపు మూసికొనిన, వీధియంతయు చిన్నబోవును.

అయినను కాలము చెప్పిన తీర్పు వేరు. ఎయిమ్ 2017లో మూతపడినది. ఐసీక్యూ 2024లో మూతపడినది. వారు ప్రేమతో గీయించిన బొమ్మలు ఆ గోడలతోనే పోయినవి. జాబర్ సర్వర్లు చిన్నవియైనను నేటికిని నడచుచున్నవి. ఫాల్మన్ నవ్వు ఎవరి ఆస్తియు కానందున అందరి చేతులలో నిలిచినది. కావున మన భావములకు గురుతులను ఎన్నుకొనునపుడు వాని అందమును మాత్రమే చూడరాదు. ఇచ్చువాడు తలుపు మూసినను అవి మనతో మిగులునా యని కూడ మనము అడుగవలెను.