గాలి తిన్న తగరం

ఫ్రాన్స్‌లో బెర్జెరాక్ అనే ఊళ్ళో బ్రన్ అని ఒక మందుల వ్యాపారి ఉండేవాడు. పదిహేడో శతాబ్దపు తొలిరోజుల మాట. ఆయన రెండు పౌన్ల ఆరు ఔన్సుల మేలురకం ఇంగ్లీషు తగరాన్ని తూచి, ఇనప పాత్రలో వేసి, ఆరు గంటలు పెద్ద మంట మీద కలియబెట్టాడు. అందులో ఇంకేమీ వెయ్యలేదు. చివరికి తెల్లటి బూడిద మిగిలింది. దాన్ని తూస్తే రెండు పౌన్ల పదమూడు ఔన్సులు! కాలిస్తే ఏదైనా తగ్గాలి కదా, ఈ ఏడు ఔన్సులు ఎక్కణ్ణించి వచ్చినట్టు?

బ్రన్ ఈ సంగతి జాఁ రే అనే వైద్యుడి ముందు పెట్టాడు. రే 1630లో దీనిమీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. మసి వల్లనా, పాత్ర కరిగి కలవడం వల్లనా, నిప్పుకే బరువుందా అని ఒక్కొక్క జవాబునీ పట్టుకుని, కాదని తేల్చి పక్కన పెట్టాడు. చివరికి మిగిలింది గాలి. వేడికి చిక్కబడ్డ గాలి ఆ బూడిద రేణువులకి అంటుకుంది, ఇసకని నీళ్ళలో వేసి కలిపితే రేణువు రేణువుకీ తడి పట్టి బరువెక్కినట్టు, అన్నాడు. ఆక్సిజన్ అనే మాట పుట్టడానికి నూట నలభై ఏళ్ళకు పైగా ముందు! పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1774లో లవోయిజియె మూసిన గాజుపాత్రల్లో తగరాన్ని కాల్చి, మూత తీసేదాకా మొత్తం బరువు మారదనీ, తీయగానే గాలి లోపలికి దూసుకెళ్తుందనీ చూపించాడు. ఆ తర్వాతి కథ మన పదో తరగతి పాఠంలో ఉన్నదే.

ఆ పాఠం నాకు నచ్చినా ఒక అసంతృప్తి ఉంది. అందులో బూడిద అనేది లెక్క తేల్చడానికి పనికొచ్చే సాక్ష్యం మాత్రమే. లెక్క తేలాక దాన్ని అవతల పారేస్తారు. కానీ ఆ బూడిద కోసమే లోహాన్ని కాల్చిన వాళ్ళు అప్పటికే ఎన్నో వందల ఏళ్ళుగా ఉన్నారు. వాళ్ళు కుమ్మరులు.

చైనా నుంచి వచ్చిన తెల్లటి పింగాణీ చూసి ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు మనసు పారేసుకున్నారు. వాళ్ళ దగ్గర ఆ తెల్లమట్టి లేదు, ఉన్నది పసుప్పచ్చగా కాలే మామూలు మట్టి. అందుకని సీసాన్నీ తగరాన్నీ కలిపి కరిగించి, పైన తేలే బూడిదని తోడి, దాన్ని గాజుపూతలో కలిపి మట్టిపాత్రకి పూసేవారు. తగరపు బూడిద గాజులో పూర్తిగా కరగదు. సన్నటి తెల్లరేణువులుగా నిలిచిపోయి లోపలి మట్టిరంగుని దాచేస్తుంది. తొమ్మిదో శతాబ్దానికి ఈ పని బాగా సాగుతోంది. కాషాన్‌లోని కుమ్మరి వంశానికి చెందిన అబుల్ ఖాసిం 1301లో తన కుటుంబపు విద్యని రాసిపెట్టాడు, అందులో ఈ బూడిద తయారీ కూడా ఉంది. ఇటలీలో పిక్కొల్‌పాస్సో 1550లలో రాసిన కుమ్మరి పని గ్రంథంలోనూ ఉంది.

మన రసశాస్త్రంలోనూ ఇలాంటి పనే ఒకటి కనిపిస్తుంది. వంగభస్మం కోసం కరిగిన తగరంలో ఉత్తరేణి పొడి కొంచెం కొంచెంగా వేస్తూ, గరిటెతో రుద్దుతూ పొడి చేస్తారు. కుమ్మరికి రంగు కావాలి, వైద్యుడికి మందు కావాలి. గరిటె తిప్పడం మాత్రం ఇద్దరికీ తప్పదు, ఎందుకంటే తిప్పకపోతే పైన ఒక పొర కట్టేసి కింది లోహానికి గాలి అందదు. సీసం కాలుతుంటే వచ్చే పొగ ఒంటికి ఎంత చేటో ఇప్పుడు మనకి తెలుసు. ఆ గరిటె పట్టుకున్న వాళ్ళెవరో, ఏమయ్యారో ఈ పుస్తకాల్లో లేదు.

ఈ పొర గొడవ అల్యూమినియంతో ఇంకా ఎక్కువ. మా అమ్మమ్మ సత్తుగిన్నె తుప్పు పట్టకపోవడానికి కారణం అదే: గాలి తగలగానే కంటికి కనిపించనంత పల్చటి అల్యుమినా పొర ఏర్పడి, మిగతా లోహాన్ని కాపాడుతుంది. కరిగిన అల్యూమినియమైనా అంతే. 1980లలో అమెరికాలోని డెలవేర్ రాష్ట్రం, నెవార్క్ అనే ఊళ్ళో మార్క్ న్యూకిర్క్ స్థాపించిన లాంక్సైడ్ అనే కంపెనీ, ఈ పొర తనంతట తాను పెరుగుతూ పోయేలా చేసింది. గరిటె అక్కర్లేదు!

చిట్కా ఏమిటంటే, అల్యూమినియంలో కొంచెం మెగ్నీషియం, కొంచెం సిలికాన్ కలిపి, వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూగా గాలిలో ఉంచడం. అప్పుడు ఏర్పడే పొర గట్టిగా మూసుకుపోదు. సన్నటి సందులు మిగులుతాయి. దీపపు వత్తి నూనెని పీల్చుకున్నట్టు ఆ సందుల్లోంచి కరిగిన లోహం పైకి ఎగబాకి, గాలి తగిలిన చోట మళ్ళీ అల్యుమినా అవుతుంది. గంటలు, రోజులు గడిచేకొద్దీ పింగాణీలాంటి గట్టి పదార్థం లోహంలోంచి బయటికి పెరుగుతుంది. దాని దారిలో సిలికాన్ కార్బైడ్ పొడి పోస్తే, ఆ గింజల మధ్య ఖాళీల్లోకి పాకి వాటిని తనలో బంధించేసుకుంటుంది. ఎక్కడ ఆగాలో చెప్పడానికి అక్కడ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూస్తే చాలు. మామూలు పింగాణీ కొలిమిలో కుంచించుకుపోతుంది. ఇది ఇచ్చిన ఆకారాన్ని దాదాపు అలాగే నింపుతుంది. లోపల అక్కడక్కడా మిగిలిపోయిన లోహపు తీగల వల్ల ఉత్త అల్యుమినాలా పెళుసుగా పగిలిపోదు. 1986లో న్యూకిర్క్ బృందం దీన్ని శాస్త్రపత్రంగా ప్రచురించింది, 1987లో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత పేటెంట్ల మీద పేటెంట్లు.

కంపెనీ మాత్రం ఆ తర్వాతి దశాబ్దాన్ని దాటలేదు. ఇంత అందమైన ఆలోచన అంత త్వరగా డీలా పడిందేమిటా అని నాకు బాధే. కానీ కొలిమిలో ఒక్కో ముక్కా గంటలకొద్దీ, రోజులకొద్దీ పెరగాలి, అదీ రాయిలా గట్టి వస్తువు, తర్వాత అరగదీయాలంటే వజ్రపు పనిముట్లు కావాలి. చవకగా ఎలా వస్తుంది?

బ్రన్ లెక్కకి ఒక్కసారి వెనక్కి వెళ్తాను. ముప్పై ఎనిమిది ఔన్సుల తగరం నలభై ఐదు అయింది, అంటే నూటికి పద్దెనిమిది పైచిలుకు పెరిగింది. తగరం అంతా పూర్తిగా ఆక్సీకరణం చెందితే నూటికి ఇరవై ఏడు పెరగాలి. కొంత లోహం అలాగే మిగిలిందో, కలియబెడుతుంటే కొంత బూడిద ఎగిరిపోయిందో. అల్యూమినియం అయితే వందకి ఎనభై తొమ్మిది పెరుగుతుంది. లాంక్సైడ్ పేటెంట్లు ఈ పెరిగినదాన్ని "ఆక్సీకరణ చర్య ఉత్పత్తి" అంటాయి. అల్యూమినియం పోతపోసే కార్ఖానాల్లో కరిగిన లోహం మీద తేలే దీన్ని ఇప్పటికీ చిట్టెం కింద లెక్కగట్టి, గరిటెతో తీసి పక్కన పడేస్తారు.