ఆ పండ్లకు బిల్లు కొట్టను

1984 జూలై 19. ఐర్లండ్ రాజధాని డబ్లిన్, హెన్రీ స్ట్రీట్. డన్స్ స్టోర్స్ బిల్లింగ్ కౌంటర్‌లో మేరీ మానింగ్ కూర్చుని ఉంది. వయసు ఇరవై ఒకటి. ఆమె ముందుకు రెండు గ్రేప్‌ఫ్రూట్‌లు వచ్చాయి. మన పంపరపనసకు దగ్గరి చుట్టాలు ఆ పండ్లు. వాటి మీద ఔట్‌స్పాన్ అని ముద్ర ఉంది. అంటే దక్షిణాఫ్రికా సరుకు.

మేరీ వాటిని ముట్టుకోలేదు. వీటికి బిల్లు కొట్టలేనని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్షకు నిరసనగా ఆ దేశపు సరుకు అమ్మవద్దని ఆమె యూనియన్ అంతకు ముందే తీర్మానం చేసింది. కబురు మేనేజర్‌కు చేరింది. మేరీని లోపలికి పిలిచారు. యూనియన్ ప్రతినిధి కారెన్ గీరన్ కూడా వెంట వెళ్లింది. మేరీ మాట మార్చుకోలేదు, సస్పెండ్ చేశారు. కారెన్‌తో పాటు మిగతావాళ్లూ కౌంటర్లు వదిలి బయటికి నడిచారు. మేరీతో కలిపి తొమ్మిది మంది ఆడపిల్లలు, ఒక్క మగవాడు. మహా అయితే ఒకటి రెండు వారాల్లో తేలిపోతుందనుకున్నారు. సమ్మె 1987 దాకా సాగింది.

నిజం చెప్పాలంటే, ఆ రోజు వాళ్లకు వర్ణవివక్ష గురించి తెలిసింది చాలా తక్కువ. యూనియన్ చెప్పింది, తోటి పిల్లను పక్కన పెట్టారు, బయటికి వచ్చారు, అంతే. ఎందుకు నిలబడ్డారో వాళ్లకు వివరంగా చెప్పినవాడు నిమ్రోద్ సెజాకే. దక్షిణాఫ్రికా నల్లజాతి కార్మిక నాయకుడు. 1956లో మండేలాతో పాటు దేశద్రోహ కేసులో ఇరుక్కుని, ఆ తర్వాత దేశం వదిలి, చివరికి ఐర్లండ్ చేరినవాడు. పికెటింగ్ జరుగుతోందని విని వచ్చి వాళ్ల వరసలో నిలబడ్డాడు. తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు. సొంత ఊళ్లో తిరగడానికి పాస్ పుస్తకం చూపించాల్సిన బతుకు ఎలా ఉంటుందో, తోటల్లో ఎవరి చెమటతో ఆ పండ్లు పండుతాయో ఆ పిల్లలకు చెప్పాడు. ఆ మాటలు విన్నాక వాళ్లకు వెనక్కి వెళ్లే ఆలోచన రాలేదు. యూనియన్ ఆదేశంతో మొదలైన సమ్మె వాళ్ల సొంత సమ్మె అయింది.

సమ్మె భత్యం వారానికి 21 పౌండ్లు. ఇల్లు గడవడానికి ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. దారినపోయేవాళ్లలో కొందరు తిట్టారు, కొందరు ఉమ్మేశారు. వీటన్నిటికంటే గట్టిగా వినిపించిన ప్రశ్న ఒకటుంది. మీరు పండ్లు కొనకపోతే అక్కడి నల్లవాళ్ల పనులే పోతాయి కదా? ఈ ప్రశ్నకు జవాబు డబ్లిన్‌లో పుట్టలేదు. మా దేశపు సరుకు కొనకండి, మాకు కలిగే కష్టం మేం భరిస్తాం అని ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆల్బర్ట్ లుతూలీ 1950ల చివర్లోనే ప్రపంచాన్ని అడిగాడు. దాన్ని అందుకునే 1959లో లండన్‌లో బహిష్కరణ ఉద్యమం మొదలైంది. బాధపడేవాళ్లకు ఏది మంచిదో దూరాన ఉన్నవాళ్లు తేల్చడం వేరు, బాధపడేవాళ్లు అడిగింది చెయ్యడం వేరు. హెన్రీ స్ట్రీట్ పిల్లలు రెండోది చేశారు. ఈ సమ్మెకున్న బలమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

ఆ పిలుపును ఐర్లండ్‌లో బతికించినవాడు కదేర్ అస్మల్. నాటాల్‌లోని స్టాంగర్‌లో భారత సంతతి కుటుంబంలో పుట్టాడు. బడికి వెళ్లే వయసులోనే లుతూలీని కలిశాడు. తర్వాత డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో న్యాయశాస్త్రం బోధిస్తూ 1964లో ఐరిష్ వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమాన్ని నిలబెట్టాడు.

ఇలా దేశదేశాల్లో విడివిడిగా పనిచేస్తున్న సంఘాలను ఒకదానికొకటి కలిపినవారిలో మన తెలుగాయన ఒకరున్నారు. అప్పటి నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీకి 1963లో మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. ఆ తర్వాత వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని ఏళ్ల తరబడి నడిపారు. ప్రభుత్వాలు తలుపులు మూసిన చోట్ల ఉద్యమ సంఘాలకు, చర్చిలకు, యూనియన్లకు ఐక్యరాజ్యసమితిలో పీట వేయించారు. దక్షిణాఫ్రికా 2013లో ఆయనకు ఓ.ఆర్. టాంబో పురస్కారం ఇచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈయన పేరు ఉండాలి.

1984 డిసెంబరులో నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి ఓస్లో వెళ్తూ దక్షిణాఫ్రికా బిషప్ డెస్మండ్ టూటూ దారిలో లండన్‌లో ఆగి మేరీని, కారెన్‌ని కలిశాడు. మా దేశానికి వచ్చి మీ కళ్లతో చూడండని పిలిచాడు. 1985 జూలైలో సమ్మెకారులు విమానం ఎక్కారు. జోహన్నెస్‌బర్గ్ విమానాశ్రయంలో దిగగానే తుపాకులు పట్టుకున్న కాపలాదారులు చుట్టుముట్టారు. గంటల తరబడి నిర్బంధించి, వచ్చిన దారినే వెనక్కి పంపేశారు. డబ్లిన్ దుకాణంలో పనిచేసే పిల్లలను చూసి ఆ ప్రభుత్వం ఇంతగా బెదిరిపోయిందా! అప్పటిదాకా వాళ్లను పట్టించుకోని ఐరిష్ పత్రికలు తిరిగి వచ్చినవాళ్ల కోసం విమానాశ్రయంలో కాచుకుని కూర్చున్నాయి.

ఆ తర్వాత గాలి మారింది. దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని ఐరిష్ ప్రభుత్వం 1987లో నిషేధించింది. ఆ ముద్ర ఉన్న పండు బిల్లింగ్ కౌంటర్ దాకా వచ్చే అవకాశమే లేకుండా పోయాక సమ్మె ముగిసింది.

1990లో మండేలా డబ్లిన్ వచ్చి సమ్మెకారులను కలిశాడు. జైల్లో ఉన్నప్పుడు వాళ్ల పోరాటం తనకు ధైర్యమిచ్చిందన్నాడు. సెజాకే సొంతగడ్డకు తిరిగి వెళ్లాడు. అస్మల్ 1994లో మండేలా మంత్రివర్గంలో చేరాడు. సమ్మె చేసినవాళ్లకు మాత్రం గడ్డుకాలమే ఎదురైంది. కారెన్‌కు పని దొరకడం కష్టమైంది. మేరీ ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. చరిత్ర పుస్తకాలు ఇలాంటి వాళ్లను 'దుకాణం ఉద్యోగులు' అని ఒక్క మాటలో దాటేస్తాయి. అందుకే తర్వాత వేరే శాఖ నుంచి వచ్చి కలిసిన కుర్రాడితో సహా అందరి పేర్లూ ఇక్కడ రాస్తున్నాను: మేరీ మానింగ్, కారెన్ గీరన్, కాథరిన్ ఓరైలీ, థెరిసా మూనీ, వానీ మన్రో, సాండ్రా గ్రిఫిన్, ఆల్మా రసెల్, మిషెల్ గావిన్, లిజ్ డీసీ, టామీ డేవిస్, బ్రెండన్ బారన్.