తాళంచెవి ఎవరి కొంగున?

పోయిన ఆదివారం పొద్దున్నే మా అక్క దగ్గర్నుంచి ఫోను. "నువ్వు ఒక్కసారి రావాలే. తండ్రీ కొడుకూ ఒకటైపోయారు. నా మాట వినే నాథుడు ఈ ఇంట్లో లేడు" అంది. గొంతులో తడి తెలుస్తూనే ఉంది. కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి ఎం.వి.పి. కాలనీకి పరిగెత్తాను.

తీరా వెళితే సంగతి ఇదీ. బావగారు ఎప్పుడో చవగ్గా కొన్న మధురవాడ స్థలం ఈమధ్య మంచి ధరకి అమ్మారు. కొడుక్కి 21 నిండాయి. ఇంజనీరింగు పాసయ్యాడు, ఉద్యోగం కూడా వచ్చింది. ఆ సంతోషంలో "ఏం కావాలో అడగరా" అన్నారట, దశరథుడు కైకకి వరమిచ్చినట్టు. వాడు అడిగింది స్పోర్ట్సు కారు! రెండే తలుపులు, రెండే సీట్లు. కాలు ఆనిస్తే అయిదారు సెకన్లలో గంటకి 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుందిట.

"పిన్నీ, నువ్వు చెప్పు. చదువుకున్నదానివి, నవలలు రాసేదానివి. నేను తప్పేం అడిగాను?" అన్నాడు వాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ తప్పులో మాకూ వాటా ఉంది. మా అమ్మ బైండు చేయించి దాచుకున్న పాత సీరియల్స్ చదివి పెరిగినదాన్ని నేను. వాటిల్లో హీరో ఇంపాలా కారులోంచి దిగేవాడు. కారు దిగగానే హీరోయిన్ గుండె ఝల్లుమనేది. ఆ కారుని ఏ వయసులో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఏ రచయిత్రీ రాసినట్టు నాకు గుర్తులేదు. నేనూ రాయలేదు. కారుని మోజుగా చేసి అమ్మినవాళ్ళలో మేమూ ఉన్నాం. అంచేత మేనత్త పెద్దరికంతోనో, పిన్ని గదమాయింపుతోనో తోసెయ్యకుండా, అసలు ఈ కోరిక ఎక్కణ్ణించి వచ్చిందో ఆలోచించాను.

కోరిక కొత్తది కాదు. కిష్కింధకాండలో సంపాతి కథ మీకు గుర్తుండే ఉంటుంది. జటాయువూ, సంపాతీ అన్నదమ్ములు. వయసు పొంగులో సూర్యుడి దాకా ఎగిరిపోదామనుకున్నారు. పైకి వెళ్ళేసరికి ఎండ వేడికి తమ్ముడు సొమ్మసిల్లాడు. అన్న తన రెక్కలు గొడుగులా కప్పాడు. తమ్ముడు బతికాడు, అన్న రెక్కలు కాలి వింధ్యపర్వతం మీద పడ్డాడు. గ్రీకు వాళ్ళకీ ఇలాంటి కథే ఉంది. సూర్యుడి కొడుకు ఫేథాన్ తండ్రి రథం ఒక్కరోజు తోలతానన్నాడు. తండ్రి ముందే మాట ఇచ్చేశాడు, వెనక్కి తీసుకోలేకపోయాడు. గుర్రాలు పిల్లవాడి చేతికి లొంగలేదు. చివరికి పిడుగు పడింది. వేగం కుర్రాడిది, రెక్కలు కాలేది ఇంకొకరివి. రెండు దేశాల కథల్లోనూ అదే నీతి.

ఇక మన ఇళ్ళ సంగతి. ఒక తరం వెనక్కి వెళితే ఈ తగువు ఏ తల్లికీ లేదు. తల్లులు గట్టివాళ్ళని కాదు, బళ్ళే లేవు. 1970 ప్రాంతాల్లో మన రోడ్ల మీద కనిపించేవి ముఖ్యంగా మూడు రకాల కార్లు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. వాటికైనా పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుక్కూచోవాలి. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. ఆయన బజాజ్ స్కూటరుకి డబ్బు కట్టినప్పుడు నేను పుట్టలేదు, అది మా వాకిట్లోకి వచ్చేసరికి నేను ఒకటో తరగతి పుస్తకం పట్టుకుని ఉన్నాను! పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి స్కూటరు బుక్ చేశాం" అంటే అదో గొప్ప. ఆ లైసెన్సుల రాజ్యాన్ని అందరూ తిట్టుకున్నారు, తిట్టుకోవలసిందే. కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కొడుక్కి "ఇప్పుడు కాదురా" అని చెప్పే పని అది తల్లి తరఫున చేసిపెట్టింది.

ఆ గోడకి మొదటి బీట 1983 లో పడింది. ఆ డిసెంబరు 14 న మారుతి 800 తొలి కారు బయటికి వచ్చింది. ఆ ఏడాదే జపాను యమహా నమూనాలో ఎస్కార్ట్స్ వాళ్ళు రాజ్‌దూత్ 350 తెచ్చారు. కుర్రకారు వెర్రెత్తిపోయింది. ఆ బండి గురించి ఒక చిన్న సంగతి చెప్తాను, నాకు ఈ చరిత్ర అంతా అందులోనే ఉన్నట్టుంటుంది. జపాను బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండేది. మన దగ్గర తయారైన బండికి పాతకాలపు డ్రమ్ము బ్రేకే పెట్టారు. అంటే సముద్రం దాటి ఇంజను వచ్చింది, బ్రేకు అక్కడే ఉండిపోయింది!

1985 లో వచ్చిన ఆర్.ఎక్స్. 100 కథ మా ఇంటిదాకా వచ్చింది. మా అన్నయ్యకి 19 ఏళ్ళప్పుడు, పోరగా పోరగా నాన్నగారు సెకండ్ హ్యాండుది కొనిచ్చారు. మన భీమిలి రోడ్డు మీకు తెలుసుగా, ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం, మధ్యలో పామల్లే మెలికలు. జోడుగుళ్ళపాలెం దాటాక ఒక మలుపులో, చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతున్న ముసలమ్మని తప్పించబోయి అన్నయ్య బండితో సహా గట్టుకి కొట్టుకున్నాడు. కాలు మూడుచోట్ల విరిగింది. ఆ ముసలమ్మే తన చీర చెంగు చింపి కట్టుకట్టి, ఆటో ఆపి ఎక్కించింది. తరవాత అమ్మ వెతుక్కుంటూ వెళ్ళి దణ్ణం పెడితే, "నీ కొడుకు మంచోడేనమ్మా, నాను కనబడ్డాక తిప్పినాడు. కనబడ్డానికి ముందే ఒచ్చేసినాడు, అదీ తప్పు" అందిట.

ఈ మాట నేను ముప్ఫయ్యేళ్ళుగా మరిచిపోలేదు. వేగమంటే అంతే. కళ్ళకంటే ముందు బండి రావడం.

1993 లో కార్ల తయారీకి లైసెన్సుల అడ్డు తొలగింది. 1999 లో స్వర్ణచతుర్భుజి రోడ్ల పని మొదలై, చెన్నై-కలకత్తా దారి మన విశాఖ మీదుగా వెడల్పయింది. స్థలాల ధరలు పెరిగాయి, కుర్రాళ్ళకి చదువు ముగియగానే జీతాలు వచ్చాయి. బండీ, బాటా, డబ్బూ మూడూ ఒక్క తరంలో కలిశాయి. కలవనిది చట్టం ఒక్కటే.

మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 16 ఏళ్ళకి గేర్లు లేని 50 సి.సి. లోపు బండి, 18 కి సొంతానికి నడుపుకునే బండి ఏదైనా. ఆ పైన మెట్లు లేవు. కారు లైసెన్సు చూడండి, 'తేలికపాటి మోటారు వాహనం' అంటుంది. అంటే బండి బరువు అడుగుతుందే తప్ప బలం అడగదు. మారుతి 800 మీద పరీక్ష ఇచ్చిన కుర్రాడు మర్నాడు దానికి పదింతల బలమున్న కారు నడిపినా చట్టం కాదనదు. చట్టం రాసిన రోజుల్లో అటువంటి కారు వీధిలో లేదు, అందుకే అడగలేదు. ఇతర దేశాలు మెట్లు కట్టుకున్నాయి. బ్రిటన్‌లో మోటారుసైకిలుకి 17 ఏళ్ళకి 125 సి.సి. వరకే, 19 కి మధ్యరకం. ఎంత బలమైనదైనా నడపాలంటే మెట్టు మెట్టుగా వచ్చినవాడికి 21, ఒక్కసారిగా వచ్చేవాడికి 24. ఇటలీలో కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళు బలమైన కార్లు నడపకూడదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో కూడా అంతే.

మెట్లు లేనిచోట ఏమవుతోందో చెప్పడానికి మనసు రాదు. 2011 లో హైదరాబాదు అవుటర్ రింగురోడ్డు మీద 1000 సి.సి. బండి ప్రమాదంలో క్రికెటర్ అజారుద్దీన్ గారి చిన్నకొడుకు పోయాడు, 19 ఏళ్ళు. 2017 మేలో జూబిలీహిల్స్‌లో తెల్లవారుజామున అప్పటి మంత్రి నారాయణ గారి కొడుకు కారు మెట్రో స్తంభాన్ని ఢీకొంది. ఆ తల్లుల కడుపుకోత తల్చుకుంటే పేర్లు రాయడానికి కూడా చెయ్యి ఆడదు. 2024 మేలో పుణేలో పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కారు నడిపింది 17 ఏళ్ళ కుర్రాడని పోలీసులు చెప్పారు. బెయిలు ఇస్తూ ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయమన్నారని దేశమంతా మండిపడింది. వ్యాసాలు రాసుకునేదాన్ని, నాకూ సిగ్గేసింది. ఒక్క 2022 లోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. నూటికి డెబ్భై చావులకి కారణం అతివేగమని ప్రభుత్వ లెక్క.

వాడికి ఇవన్నీ చెప్పాను. ఊరుకుంటాడా! "పిన్నీ, ఈ కార్లకి బ్రేకులు బాగుంటాయి, గాలి సంచులుంటాయి. మీ అంబాసిడర్ కంటే నయం. తప్పు కారుదా, నడిపేవాడిదా?" అన్నాడు. నిజమే, అది అబద్ధం కాదు. అతని మాట కొట్టిపారెయ్యలేదు. "నడిపేవాడిదే. అందుకే కారు సంగతి తరవాత, నడిపేవాడి సంగతి ముందు" అన్నాను.

అప్పుడు మా నాన్నగారు చెప్పే మాట ఒకటి గుర్తొచ్చింది. మన విశాఖ రేవుకి 1933 అక్టోబరు 7 న మొదటి ఓడ జలదుర్గ వచ్చింది. అప్పట్నించీ ఎన్ని వేల ఓడలు వచ్చాయో! డాల్ఫిన్స్ నోస్ కొండ కిందుగా లోపలికి వచ్చే కాలవ ఇరుకు. ఏడు సముద్రాలు తిరిగిన కెప్టెనైనా సరే, రేవు బయటే ఆగాలి. పోర్టు పైలట్ చిన్న పడవలో వెళ్ళి, తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు. ఆయన చెప్పినట్టు ఓడ నడుస్తుంది. అది కెప్టెన్‌కి అవమానం కాదు. ఓడ ఎంత పెద్దదైతే పైలట్ అంత అవసరం. "మా రేవులో ఎంతటివాడికీ పక్కన మనిషి ఉండాల్సిందేనే అమ్మా" అనేవారు నాన్నగారు.

ఇదే చెప్పాను వాడికి. వేగం మీద నాకు పగ లేదు. వేగానికి చోటు వేరే ఉంది. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద పందాలు నడిపారు. 1990 లో ఇరుంగాట్టుకోట్టైలో అందుకోసమే ట్రాక్ కట్టారు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11 న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఇ పందెం జరిగితే, ఆ రోడ్డు మూసేసి అడ్డుగోడలు కట్టారు. పందెగాళ్ళకే గోడలు కావలసివస్తే, గోడలు లేని మన భీమిలి రోడ్డు మీద చేపలబుట్టల వాళ్ళకి దిక్కెవరు?

"రెండేళ్ళు మామూలు కారు నడుపు. ట్రాక్ మీద నేర్పేవాళ్ళ దగ్గర నేర్చుకో. అప్పుడూ మోజు తగ్గకపోతే నీ జీతంతో కొనుక్కో, నేనే కొబ్బరికాయ కొడతాను" అన్నాను. బావగారు పేపరు చాటుకి వెళ్ళిపోయారు. "వాడికి మాటిచ్చానే" అని సణిగారు. "ఇచ్చిన మాట తప్పమనలేదు బావగారూ, ముహూర్తం మార్చమంటున్నాను" అన్నాను.

ఒకప్పుడు "ఇప్పుడు కాదు" అనే మాట ప్రభుత్వం చెప్పింది. ఆ తరవాత ధర చెప్పింది. ఇప్పుడా రెండూ తప్పుకున్నాయి. చట్టానికింకా నోరు రాలేదు. మిగిలింది ఇల్లు. తాళంచెవి మన కొంగుకి వచ్చి పడింది, మనం అడక్కుండానే.

నేను బయల్దేరుతుంటే వాడు చెప్పులు అందిస్తూ మెల్లిగా అడిగాడు. "పిన్నీ, ఆ పైలట్ ఓడని ఎంతసేపు నడిపిస్తాడు?"

"ఇరుకు దాటేదాకారా. తరవాత సముద్రమంతా నీదే."

వాడు నవ్వలేదు, కోప్పడనూ లేదు. అక్క మాత్రం వీధిగుమ్మం దాకా వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కారు ఇంకా బుక్ చెయ్యలేదు. వచ్చే ఆదివారం ఫోను మోగితే చూడాలి!