తూటా ఏరినదెవరు?

నా రాతబల్ల మీద ఒక ఇత్తడి డొల్ల నిలబడి ఉంటుంది. పొడవు రెండంగుళాలు, మూతి దగ్గర కాస్త సన్నం. ఇంటికొచ్చినవాళ్లు అగరొత్తుల స్టాండనుకుంటారు. నిజానికది మా తాతగారి తుపాకి తూటా. ఎప్పుడో పేలిపోయిన తూటా లెండి, కంగారుపడకండి!

మాది నల్లమల అంచున ఉన్న ఊరు. పంట చేతికొచ్చే వేళకి అడవిపందులు చేలమీద పడేవి. తాతగారు లైసెన్సు సంపాదించి .315 రైఫిలు కొన్నారు. తన చేతి కొలతకి పొడుగైందని ఊరి వడ్రంగి చేత మడమ చెక్క కోయించి పొట్టి చేయించుకున్నారు కూడా. చిన్నప్పుడు ఓసారి అడిగాను.

"తాతయ్యా, పోలీసులది .303 కదా, నువ్వు .315 ఎందుకు ఏరుకున్నావు?"

"నేనెక్కడ ఏరుకున్నాన్రా అబ్బాయ్! సర్కారు ఏరింది, నేను పుచ్చుకున్నాను" అన్నారు.

ఆ మాటకి అర్థం పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తేగాని బోధపడలేదు.

పూర్వం దొరలకి వేట తుపాకి అంటే కోటు లాంటిది. లండనులోని తుపాకుల కంపెనీకి కొలతలిచ్చి చేయించుకునేవారు. చెయ్యి ఎంత పొడుగు, ఏ కంటితో గురి చూస్తారు... అన్నీ రాసుకునేవారు. అయితే అన్నిటికంటే ముందు తేలవలసింది ఒక్కటే: ఏ తూటా? గొట్టమూ, బరువూ, తక్కిన హంగులూ దాన్ని బట్టే. ఇల్లు లేపాక పునాది తవ్వలేం కదా!

తూటా పేరులోని అంకె గొట్టం లోపలి వెడల్పుకి గుర్తు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసి లెక్కపెడతారు. 1898లో జాన్ రిగ్బీ కంపెనీ పొగరాని కార్డైట్ మందుతో .450 తూటా తెచ్చింది. దాని గుండు 31 గ్రాములు, అంటే రెండున్నర తులాల పైమాట. ఏనుగుకీ, అడవిదున్నకీ ఇంతకంటే ఏం కావాలి అనుకున్నారు.

కాని మన ఎండలున్నాయే! కార్డైట్‌కి వేడి తగిలితే పేలుడు ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇత్తడి డొల్ల ఉబ్బి గొట్టంలో బిగుసుకుపోతుంది. ఎదురుగా గాయపడ్డ పులి, చేతిలో డొల్ల ఊడిరాని తుపాకి! అందుకని ఇండియాకి వచ్చే దొరలు పెద్ద డొల్లలో తక్కువ ఒత్తిడితో పేలే తూటాలు కోరుకునేవారు. బలం ఒక్కటే చాలదు, రోహిణీకార్తె కూడా లెక్కలోకి రావాలి.

ఇంతవరకూ న్యాయమే. జంతువుని చూశారు, ఎండని చూశారు. మూడోది 1907లో వచ్చింది. ఇండియాలోకి, సూడాన్‌లోకి .450 తూటాలు రాకూడదని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. కారణం పులి కాదు, మనుషులు. 1871 నుంచి సైన్యం వాడిన పాత మార్టినీ-హెన్రీ తుపాకుల గొట్టం కూడా .450 కొలతే. అవి తిరుగుబాటుదార్ల చేతుల్లో ఉంటే, వేట తూటాల గుండ్లు వాటికి పనికొస్తాయేమోనని భయం.

కంపెనీలు తక్కువ తిన్నాయా? .470, .465, .475, .476 అంటూ కొత్త తూటాలు అమ్మకానికి పెట్టాయి. .450కీ .470కీ గుండు లావులో తేడా అర మిల్లీమీటరు లోపే! అది దెబ్బ తిన్న ఏనుగుకి తెలిసే తేడా కాదు. కలెక్టరు కచేరీ కాగితానికి మాత్రమే తెలుస్తుంది.

చిత్రమేమిటంటే, అదే 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూవెట్ ఒక రైఫిలు బహూకరించాడు. ఆ పులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. ఆ రైఫిలు రిగ్బీ వారి .275. దాని గుండు తులం బరువైనా ఉండదు. కాని తుపాకి తేలిక, గురి నిక్కచ్చి. కొండలెక్కి కాలినడకన తిరిగేవాడికి అదే పెద్ద బలం. 1926లో రుద్రప్రయాగ చిరుతని ఆయన దానితోనే కొట్టాడు. చూశారా, ఆయనకీ అది బహుమతిగా వచ్చిందే!

ఇక మా తాతగారి .315 సంగతి. 1878 ఆయుధ చట్టం కింద తుపాకికి భారతీయుడు లైసెన్సు తెచ్చుకోవాలి. నిబంధనల్లో దొరలకి మినహాయింపు. సైన్యం తూటా .303 మామూలు జనం చేతికి రాకూడదు. అందుకని ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల తూటాకి .315 అని పేరు పెట్టి మనవాళ్లకిచ్చారు. ఇషాపూర్ కార్ఖానాలో సిపాయికి .303 చేశారు, రైతుకి .315 చేశారు. రెంటికీ పనితనం ఒకటే, గొట్టం తేడా అంతే. దొరలు 1947లో వెళ్లారు. 1959లో మన ఆయుధ చట్టం మనమే రాసుకున్నాం. నిషిద్ధ బోరు మాత్రం నిషిద్ధ బోరుగానే ఉండిపోయింది. తుపాకులు తేలిగ్గా దొరకాలని నా వాదన కాదు సుమండీ. భయం ఎవరి గురించి పుట్టిందో గుర్తుంచుకోవాలని మాత్రమే.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. వేటకి కాలం చెల్లింది. తాతగారు రైఫిలు అప్పగించేసి, ఈ డొల్ల ఒక్కటీ నా చేతిలో పెట్టారు.

"ఎన్ని పులుల్ని కొట్టావు తాతయ్యా?" అన్నాను.

"పులా! మూడు పందులు... ఒక తాటిచెట్టు."

డొల్ల మూతిలో ఇప్పుడొక పెన్సిలు ముక్క గుచ్చి ఉంది. కొలిచి చేసినట్టు సరిగ్గా పట్టింది. ఈ వ్యాసం దానితోనే రాశాను. దీనికి లైసెన్సు అక్కర్లేదనే అనుకుంటున్నాను.